ఓటీటీలో ఉన్న సినిమాకు మళ్లీ హాలెందుకు? నల్లజాతి క్వీర్ సినిమా ప్రదర్శనల వెనక కథ

అమెరికా, బ్రిటన్ నగరాల్లో నల్లజాతి క్వీర్ సినిమాలను వరుసగా చూపించే చిన్న కార్యక్రమాలు చాలా ఏళ్లుగా జరుగుతున్నాయి. గ్రంథాలయంలోనో, కాలేజీ గదిలోనో, చర్చి హాల్లోనో, వారాంతంలో ఖాళీగా ఉండే బార్‌లోనో నెలకో సినిమా వేస్తారు. అయిపోయాక కుర్చీలు గుండ్రంగా జరుపుకుని గంటసేపు మాట్లాడుకుంటారు. వీటి గురించి వినగానే చాలామందికి రెండు సందేహాలు వస్తాయి. ఫోన్‌లో దొరికే సినిమా కోసం హాలు దాకా ఎందుకు వెళ్లాలి? క్వీర్ సినిమా పండుగలు ఎలాగూ ఉన్నాయి కదా, మళ్లీ నల్లజాతివాళ్లకు విడిగా ఒకటి ఎందుకు?

క్లుప్తంగా చెప్పాలంటే, ఈ సినిమాలకు ఎదురైన చిక్కు తీయడంలో కన్నా చూపించడంలో ఎక్కువగా ఉంది. టీవీ స్టేషన్, డిస్ట్రిబ్యూటర్, ప్రభుత్వ గ్రాంటు, సెన్సారు, వీటిలో ఏదో ఒకచోట దారి మూసుకుపోతూ వచ్చింది. మూసుకుపోయిన దారికి పక్కన వేసుకున్న కాలిబాటలే ఈ ప్రదర్శనలు. 2025లో అమెరికాలో ప్రభుత్వ నిధులు తగ్గాక వీటి గురించి మళ్లీ మాట్లాడుకోవడానికి కారణం కూడా అదే.

రెండు గుర్తింపులూ ఒకేచోట ఎందుకు

క్వీర్ అన్నది ఇంగ్లిష్‌లో ఒకప్పుడు తిట్టు. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు, మగ ఆడ అనే రెండు గళ్లలో ఇమడనివాళ్లు ఆ తిట్టునే తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. ఆ పేరుతో 1980లలో, 90లలో గుర్తింపు పొందిన సినిమాల్లో తెర మీద కనిపించింది ఎక్కువగా తెల్లవాళ్లు. నల్లజాతి సినిమా అని పిలుచుకున్నదాంట్లోనేమో క్వీర్ పాత్ర ఉంటే నవ్వించడానికి, లేకపోతే అసలు లేనట్టు.

ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న మనిషి పరిస్థితిని 1989లో మార్లన్ రిగ్స్ తన 'టంగ్స్ అన్‌టైడ్'లో నేరుగా చూపించాడు. అది గంటకు కాస్త తక్కువ నిడివి ఉన్న వీడియో చిత్రం. రిగ్స్ పుట్టింది టెక్సస్‌లో, పాఠాలు చెప్పింది బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో. శాన్‌ఫ్రాన్సిస్కోలో గే జీవితానికి కేంద్రమైన క్యాస్ట్రో వీధిలో తిరుగుతూ, అక్కడి బొమ్మల్లో, దుకాణాల్లో, మనుషుల చూపుల్లో తనలాంటివాడు ఎక్కడా లేడని గమనించానని అందులో ఆయనే చెబుతాడు. సొంత నల్లజాతిలో ఒక రకమైన మౌనం, గే సమాజంలో ఇంకో రకమైన మౌనం. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టాల్సిన అవసరం అక్కడ పుట్టింది. విడిగా ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఆ సినిమా పేరులోనే ఉంది: కట్టేసిన నాలుకలను విప్పడం.

1991 జూలైలో ఏం జరిగింది

ఆ సినిమా ప్రయాణం చూస్తే మొత్తం యంత్రాంగం అర్థమవుతుంది. అమెరికాలో పీబీఎస్ అనే ప్రజా టీవీ వ్యవస్థ ఉంది. మన దూరదర్శన్‌లా ఢిల్లీలో ఒక మీట నొక్కితే దేశమంతా ఒకే బొమ్మ కనిపించే పద్ధతి కాదది. ఊరూరా ఉన్న స్టేషన్లు వేటికవే స్వతంత్రం. జాతీయ స్థాయిలో ఒక కార్యక్రమం ఇచ్చినా వేయాలా వద్దా, ఎన్ని గంటలకు వేయాలి అన్నది స్థానిక స్టేషన్ ఇష్టం. 'పీఓవీ' అనే డాక్యుమెంటరీ వరుసలో 1991 జూలైలో 'టంగ్స్ అన్‌టైడ్'ను ప్రసారానికి పెట్టినప్పుడు చాలా స్టేషన్లు వద్దన్నాయి. కొన్ని అర్ధరాత్రి దాకా జరిపాయి.

అధికారికంగా దాన్ని ఎవరూ నిషేధించలేదు. నిషేధిస్తే కనీసం కోర్టుకైనా వెళ్లొచ్చు. వందలాది చిన్న నిర్ణయాలు కలిసి ఒక నిషేధంలా పనిచేస్తే ఎవరి మీద కేసు వేస్తారు? సినిమా ఎవరి గురించి తీశారో ఆ మనుషులున్న ఊళ్లోనే అది కనిపించకపోవచ్చు, పక్క రాష్ట్రంలో కనిపించవచ్చు. అలాంటి ఊళ్లలో దాన్ని చూపించడానికి మిగిలింది క్యాసెట్, ప్రొజెక్టర్, ఎవరో ఒకరు ఇచ్చే హాలు.

గొడవ అక్కడితో ఆగలేదు. 1992లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ మీద పోటీపడిన ప్యాట్ బుకానన్, ఆ సినిమాలోంచి కొన్ని దృశ్యాలు కత్తిరించి తన ఎన్నికల ప్రకటనలో వాడుకున్నాడు. పన్ను డబ్బును ఇలాంటివాటికి తగలేస్తున్నారన్నది ఆరోపణ. ప్రభుత్వ కళా నిధి సంస్థ ఎన్‌ఈఏ నుంచి రిగ్స్‌కు ప్రాంతీయ ఫెలోషిప్ రూపంలో అందింది 5,000 డాలర్లు. ఆ డబ్బుతో ఒక మంచి కెమెరా వస్తే గొప్ప. రాజకీయాలకు మాత్రం అది సరిపోయింది.

రిగ్స్ 1994 ఏప్రిల్‌లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. అప్పటికి 37 ఏళ్లు. చివరి చిత్రాన్ని ఆయన మిత్రులు పూర్తి చేశారు. 'టంగ్స్ అన్‌టైడ్'లో కవిత్వం వినిపించిన ఎసెక్స్ హెంఫిల్ మరుసటి ఏడాదే పోయాడు. ఆ తరంలో తీసినవాళ్లు, రాసినవాళ్లు, కనిపించినవాళ్లు చాలామంది కొద్ది ఏళ్ల తేడాలో వెళ్లిపోయారు. సినిమా పంపిణీకి సంబంధించి దీనికి ఇంకో ముఖం ఉంది. దర్శకుడు పోతే టేపులు ఎవరి ఇంట్లో ఉంటాయి, హక్కులు ఎవరికి వెళ్తాయి, కొడుకు గే అని ఒప్పుకోని కుటుంబానికి వెళ్తే ఆ సినిమాకు ఎవరు సంతకం పెడతారు? రిగ్స్ విషయంలో ఆయన పని కాపాడేవాళ్లు ఉన్నారు. అందరికీ అలా కుదరదు.

లేని చరిత్రను తీయడం

1996లో షెరిల్ డున్యే తీసిన 'ది వాటర్‌మెలన్ వుమన్' ఇలాంటి ప్రదర్శనల్లో తరచూ కనిపించే పేరు. నల్లజాతి లెస్బియన్ దర్శకురాలు తీసిన మొదటి పూర్తి నిడివి కథా చిత్రంగా దీన్ని చెబుతారు. కథ ఫిలడెల్ఫియాలో నడుస్తుంది. వీడియో దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి, 1930ల నాటి సినిమాలో పనిమనిషి వేషం వేసిన ఒక నల్లజాతి నటిని చూస్తుంది. టైటిల్స్‌లో ఆ నటికి పేరు కూడా ఉండదు, 'పుచ్చకాయ మనిషి' అని మాత్రమే వేస్తారు. పుచ్చకాయను నల్లజాతివాళ్లతో ముడిపెట్టి ఎగతాళి చేయడం అమెరికాలో పాత జాడ్యం. అసలు ఆవిడెవరో కనుక్కోవడానికి అమ్మాయి కెమెరా పట్టుకుని బయల్దేరుతుంది. ఫొటోలు దొరుకుతాయి, ఆవిడను ప్రేమించిన స్త్రీల సంగతులు దొరుకుతాయి. చివర తెర మీద ఒక మాట పడుతుంది: ఇదంతా కల్పన అని.

ఆ పాత ఫొటోలన్నీ జోయీ లెనర్డ్ అనే కళాకారిణి సినిమా కోసం తయారు చేసినవి. మొత్తం 82. చూస్తే మాసిపోయిన కుటుంబ ఆల్బమ్ అనే అనిపిస్తుంది. దొరకని చరిత్ర స్థానంలో నమ్మదగిన నకిలీని పెట్టి, అసలు ఎందుకు దొరకలేదో ప్రేక్షకులే అడిగేలా చేయడం ఈ సినిమా ఎత్తు. మనకు దగ్గరగా దీని పక్కన పెట్టి చూడాల్సింది పి.కె. రోజీ. మలయాళ మొదటి కథానాయిక, దళిత స్త్రీ. తెర మీద అగ్రకుల స్త్రీ వేషం వేసినందుకు ఆమెను ఊరినుంచి తరిమేశారు. ఆమె నటించిన సినిమా రీళ్లు మిగలలేదు. డున్యే కల్పించుకోవాల్సి వచ్చిన మనిషి మన దక్షిణాదిలో నిజంగానే ఉంది, ఆమె జాడ మాత్రం అంతే సన్నగా ఉంది. చెన్నైలో ఆమె పేరుతో దళిత సినిమాల ఉత్సవం జరుగుతోంది. నల్లజాతి క్వీర్ ప్రదర్శనలు చేసే పనికి మన దగ్గర అన్నిటికన్నా సమీప బంధువు బహుశా అదే.

డున్యే సినిమాకూ గ్రాంటు గొడవ తప్పలేదు. ఎన్‌ఈఏ దానికి 31,500 డాలర్లు ఇచ్చింది. మిషిగన్‌కు చెందిన కాంగ్రెస్ సభ్యుడు పీటర్ హూక్‌స్ట్రా దాన్ని పట్టుకుని, సరిగ్గా అంత మొత్తాన్ని సంస్థ బడ్జెట్‌లో కోయాలని ప్రతిపాదించాడు. అప్పటికే కాంగ్రెస్ ఎన్‌ఈఏ బడ్జెట్‌ను ఒక్క ఏడాదిలో సుమారు 16.2 కోట్ల డాలర్ల నుంచి 9.95 కోట్లకు దించేసింది. విడిగా కళాకారులకు ఇచ్చే గ్రాంట్లు దాదాపు ఆగిపోయాయి. ఇలాంటి సినిమాలు ఎక్కువగా ఆ గ్రాంట్ల మీదే బతికేవి. స్టూడియోలు ఎలాగూ రావు.

ఇదే సినిమాలు తర్వాత దేశ సంపదలయ్యాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నిర్వహించే జాతీయ సినిమా రిజిస్ట్రీలో 'వాటర్‌మెలన్ వుమన్' 2021లో, 'టంగ్స్ అన్‌టైడ్' 2022లో చేరాయి. ఒక కాంగ్రెస్ సభ్యుడు డబ్బు దండగ అన్నదాన్ని సుమారు పాతికేళ్లకు కాంగ్రెస్ గ్రంథాలయమే దాచుకుంది.

హాల్లో వేయాలంటే

ఇంట్లో డిస్క్ ఉంది కదా, తెర కట్టి వేసేద్దాం అంటే చట్టం ఒప్పుకోదు. అమెరికా కాపీరైట్ చట్టం లెక్కలో కుటుంబం, మామూలు స్నేహితుల పరిధి దాటి జనం గుమిగూడితే అది బహిరంగ ప్రదర్శనే. టికెట్ పెట్టకపోయినా అంతే. తరగతి గదిలో పాఠంలో భాగంగా చూపించుకోవడానికి మినహాయింపు ఉంది. అదే కాలేజీలో సాయంత్రం క్లబ్‌వాళ్లు వేస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఓటీటీ ఖాతా కూడా ఇంట్లో చూసుకోవడానికే. కాబట్టి ప్రతి ప్రదర్శనకూ హక్కుదారు దగ్గర విడిగా అనుమతి కొనాలి. 'టంగ్స్ అన్‌టైడ్' లాంటివాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫ్రేమ్‌లైన్ వంటి సంస్థలు దశాబ్దాలుగా ఆ పని చూస్తున్నాయి.

ఒక ఊహా లెక్క వేసుకుందాం. లైసెన్సుకు 300 డాలర్లు. హాల్లో 60 కుర్చీలు. టికెట్ 5 డాలర్లు. అన్ని కుర్చీలూ నిండితే లైసెన్సుకు సరిగ్గా సరిపోతుంది. హాలు అద్దె, వినికిడి లేనివాళ్ల కోసం క్యాప్షన్లు లేదా సంజ్ఞాభాషా దుబాసీ, మాట్లాడటానికి వచ్చేవాళ్ల దారి ఖర్చు, వీటికి ఒక్క డాలరూ మిగలదు. వాన పడి 35 మందే వస్తే చేతి చమురు. అందుకే ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువగా ఉచితంగా లేదా 'ఇవ్వగలిగినంత ఇవ్వండి' పద్ధతిలో నడుస్తాయి. ఖర్చు గ్రాంటులోంచో, గ్రంథాలయం బడ్జెట్‌లోంచో వస్తుంది. టికెట్ల మీద బతికే ఏర్పాటు ఇది మొదటినుంచీ కాదు.

బొమ్మ నాణ్యత ఇంకో చిక్కు. 'టంగ్స్ అన్‌టైడ్' ఫిల్మ్ మీద కాదు, వీడియో టేపు మీద తీసింది. పెద్ద తెర మీద వేస్తే పాత టేపులోని బొమ్మ పగిలిపోయినట్టు కనిపిస్తుంది. రిగ్స్ చిత్రాలన్నీ శుభ్రం చేసి ఒక పెట్టెగా 2021లో వచ్చాకే చాలాచోట్ల చక్కటి కాపీ చేతికందింది. డున్యే సినిమా 20 ఏళ్లు నిండిన సందర్భంగా 2016లో బాగుచేసిన ప్రతి వచ్చింది. ఈ సినిమాలు ఈమధ్యే జనంలోకి మళ్లీ వచ్చినట్టు అనిపించడానికి కారణం అభిరుచి మారడమొక్కటే కాదు, వేయదగిన కాపీ ఉండటం కూడా.

హాలు దాకా వెళ్లే పద్ధతి నల్లజాతి సమాజానికి కొత్తది కాదు. థియేటర్లలో రంగు విభజన నడిచిన రోజుల్లో ఆస్కర్ మిషో లాంటి నిర్మాతలు తమ రీళ్లు తామే పట్టుకుని ఊరూరా తిరిగారు. పాఠశాలలు, చర్చిలు వాళ్ల థియేటర్లయ్యాయి. 1993లో దర్శకుడు హైలే గెరిమా తీసిన 'సంకోఫా'ను కొనడానికి ఒక్క డిస్ట్రిబ్యూటరూ ముందుకు రాకపోతే, వాషింగ్టన్‌లో హాలు అద్దెకు తీసుకుని మొదలుపెట్టి, ఊరికో స్థానిక బృందాన్ని కలుపుకుంటూ దేశమంతా తిప్పాడు. అది క్వీర్ సినిమా కాదు. కానీ దారి అదే. మన టూరింగ్ టాకీసు డేరాలకూ దీనికీ తేడా ఒక్కటే: డేరా వ్యాపారం, ఇది వ్యాపారం వద్దన్న సరుకును మోసుకెళ్లడం.

పక్క కుర్చీలో ఎవరున్నారు

ఒంటరిగా చూడటానికీ నలుగురిలో చూడటానికీ ఉన్న తేడా 'టంగ్స్ అన్‌టైడ్'లో ఒక్క భాగం చూస్తే తెలిసిపోతుంది. చిటికె వేయడంలో ఎన్ని రకాలున్నాయో పాఠం చెప్పినట్టు చూపించే ఘట్టం ఒకటుంది. తల పక్కన వేసే చిటికె, గాలిలో గీత గీసినట్టు వేసే చిటికె, ఎదుటివాడి నోరు మూయించే చిటికె. బయటివాళ్లకు అది సరదా దృశ్యం. ఆ చిటికెల మధ్య పెరిగినవాళ్లు హాల్లో ఉంటే తెర మీది చిటికెకు కుర్చీల్లోంచి చిటికె జవాబు వస్తుంది. నల్లజాతి చర్చిలో బోధకుడి మాటకు జనం గట్టిగా జవాబిచ్చే అలవాటుంది. సినిమా ఆ పద్ధతిలోనే కట్టింది. మొదట్లోనే 'బ్రదర్ టు బ్రదర్' అంటూ గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వస్తాయి. జవాబిచ్చే గొంతు లేని గదిలో ఆ సినిమా సగమే ఆడుతుంది.

చూశాక జరిగే చర్చకు ఆచరణలో ఒక పని ఉంది. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల ఫొటోలు ఆ సినిమాలో వరుసగా వస్తాయి. అప్పట్లో ఉన్నవాళ్లు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఆ మొహాలు తెలియవు. ఒకే హాల్లో రెండు తరాలు కూర్చుంటే, తెర ఆగాక పెద్దవాళ్లలో ఒకరు ఫలానా ఆయన మా వీధిలో ఉండేవాడని చెప్పడం సినిమాలో లేని చరిత్ర. ఓటీటీ ఇది ఇవ్వలేదు. ఇలాంటి చర్చల్లో కెమెరాలు వద్దనడం మామూలే. ఇంట్లో చెప్పనివాళ్లు అక్కడికి వస్తారు కాబట్టి.

'మూన్‌లైట్' వచ్చాక కూడానా

బ్యారీ జెంకిన్స్ 'మూన్‌లైట్' 2017 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచింది. మయామీలోని లిబర్టీ సిటీలో పెరిగే ఒక నల్లజాతి కుర్రాడి కథ. ప్రపంచవ్యాప్తంగా సుమారు 6.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. వేదిక మీద ముందు వేరే సినిమా పేరు చదివి, తర్వాత దిద్దుకున్న ఆ రెండు నిమిషాల గందరగోళం ఇప్పటికీ జనానికి సినిమాకన్నా ఎక్కువ గుర్తుంది. ఇంత జరిగాక ప్రత్యేక ప్రదర్శనలు అవసరమా అన్న వాదన సహజం.

ఒక సినిమా పెద్ద తలుపులోంచి వెళ్లిందంటే వెనకున్నవన్నీ వెళ్లినట్టు కాదు. 'మూన్‌లైట్'కు మార్కెట్ తెలిసిన డిస్ట్రిబ్యూటర్ దొరికాడు. 2011లో డీ రీస్ తీసిన 'పరాయా'కు మెచ్చుకోళ్లు వచ్చినా అంత పెద్ద విడుదల దొరకలేదు. లఘుచిత్రాలు, డాక్యుమెంటరీలు, ట్రాన్స్ స్త్రీల కథలు ఇంకా అవతలే ఉన్నాయి. ఓటీటీ కేటలాగు కూడా నిలకడైనది కాదు, లైసెన్సు గడువు తీరితే నిన్నటి సినిమా ఇవాళ ఉండదు. పైగా పేరు తెలిసినవాడికే వెతికితే దొరుకుతుంది. ఎవరో ఒకరు ఎంచి వరుసలో పెట్టకపోతే, తెలియని సినిమా ఉండీ లేనట్టే.

నైరోబీలో ఏడు రోజులు

చట్టమే అడ్డున్న చోట పరిస్థితి వేరు. కెన్యాలో స్వలింగ సంపర్కం నేరం, 14 ఏళ్ల దాకా జైలు. ఇద్దరు అమ్మాయిల ప్రేమ మీద వనూరి కహియు తీసిన 'రఫీకీ' 2018లో కాన్ (కేన్స్) చిత్రోత్సవంలో చోటు దక్కించుకున్న మొదటి కెన్యా చిత్రం. సొంత దేశంలో సెన్సారు బోర్డు నిషేధించింది. ఆస్కార్ పోటీకి పంపాలంటే స్వదేశంలో ఏడు రోజులు ఆడాలన్న నిబంధనను పట్టుకుని దర్శకురాలు కోర్టుకెళ్లింది. సెప్టెంబరులో హైకోర్టు ఏడంటే ఏడు రోజులకు నిషేధం ఎత్తేసింది. నైరోబీలో హాళ్లు నిండిపోయాయి, ఆటలు పెంచాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి మళ్లీ నిషేధం. ఆస్కార్‌కు కెన్యా వేరే సినిమాను పంపింది.

జనం రారు అని స్టేషన్లు, థియేటర్లు చెప్పే మాటకు ఆ వారం ఒక పరీక్షలా నిలిచింది. అమెరికాలో స్టేషన్ మేనేజర్ చేసిన పనిని ఇక్కడ బోర్డు చేసింది. తేడా ఏమిటంటే బోర్డు నిర్ణయం కాగితం మీద ఉంటుంది, కాబట్టి ఏడు రోజులైనా పోరాడి తెచ్చుకోగలిగారు.

భారత్ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ను పెద్దల పరస్పర సమ్మతి విషయంలో కొట్టేసింది. అంతకు ఎనిమిదేళ్ల ముందునుంచే ముంబయిలో కషిష్ క్వీర్ చిత్రోత్సవం నడుస్తోంది. సెన్సారు సర్టిఫికెట్ లేని విదేశీ సినిమాను ఉత్సవంలో వేయాలంటే మాత్రం సమాచార ప్రసార శాఖ మినహాయింపు కావాలి. హైదరాబాద్‌లో ఒక గదిలో 'టంగ్స్ అన్‌టైడ్' వేద్దామనుకున్న ఫిల్మ్ క్లబ్‌కు అమెరికా లైసెన్సు ఒక ఎత్తు, ఈ కాగితం ఇంకో ఎత్తు.

మళ్లీ నిధుల దగ్గరికి

2025 మొదట్లో ఎన్‌ఈఏ కొత్త నిబంధన పెట్టింది. గ్రాంటు డబ్బుతో 'జెండర్ ఐడియాలజీ'ని, అంటే పుట్టినప్పుడు రాసిన లింగానికి భిన్నమైన గుర్తింపును ఒప్పుకునే ఆలోచనను, ప్రోత్సహించబోమని దరఖాస్తుదారులు హామీ ఇవ్వాలంది. రోడ్ ఐలండ్‌లోని కళాసంస్థలు కోర్టుకెళ్లాయి. సెప్టెంబరులో ఫెడరల్ కోర్టు ఈ వైఖరి వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తేల్చింది. ఈలోపు మే నెలలో దేశమంతటా చాలా సంస్థలకు మంజూరైన గ్రాంట్లు రద్దయినట్టు ఈమెయిళ్లు వెళ్లాయి. జూలైలో కాంగ్రెస్ ప్రజా టీవీ, రేడియోలకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. 1967 నాటి చట్టంతో పుట్టి ఆ డబ్బు పంచుతూ వచ్చిన సంస్థ మరుసటి నెలలోనే మూసివేత పని మొదలుపెట్టింది.

దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. ఇప్పటికే తీసిన సినిమాలను చూపించే ఖర్చు ఒకటి. గ్రాంటు పోతే పైన చెప్పిన 300 డాలర్ల లెక్కలో లోటు నిర్వాహకుల జేబులో పడుతుంది. టికెట్ 12 డాలర్లు చేస్తే లోటు పూడవచ్చు గానీ, కుర్రాళ్లు, పింఛను మీద బతికే పెద్దవాళ్లు రావడం మానేస్తారు. ఎవరి కోసం పెట్టారో వాళ్లే తగ్గిపోతారు. రెండోది కొత్త సినిమాలు. 1991లో చాలా స్టేషన్లు వద్దన్నా, వేసిన స్టేషన్లూ ఉన్నాయి. దర్శకుడికి కొంత డబ్బు, ఊహించనంత మంది ప్రేక్షకులు దొరికారు. ఆ స్టేషన్లలో చిన్నవి మూతపడితే వేస్తాం, వేయం అనే వాదనకు కూడా ఎదుటిపక్షం ఉండదు. మిగిలేవి ప్రైవేటు దాతలు, విశ్వవిద్యాలయాలు, 60 కుర్చీల హాళ్లు. విశ్వవిద్యాలయాలు కూడా ఇదే ఒత్తిడిలో ఉన్నాయి.

ఇక గ్రంథాలయాల సంగతి. చాలా ఊళ్లలో హాలు ఉచితంగా ఇచ్చేది, కొన్నిసార్లు లైసెన్సు కట్టేది కూడా అవే. వాటి బడ్జెట్ ఎక్కువగా స్థానిక పన్నుల మీద నడుస్తుంది, వాషింగ్టన్ మీద అంతగా ఆధారపడదు. అందువల్ల ఇలాంటి కార్యక్రమం వచ్చే ఏడాది ఉంటుందా ఉండదా అన్నది ఇప్పుడు ఊరిని బట్టి మారుతుంది. ఆ ఊరి గ్రంథాలయ బోర్డులో ఎవరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది. 1991లో స్టేషన్ మేనేజర్ కూర్చున్న కుర్చీలోకి ఇప్పుడు ఆ బోర్డు వచ్చింది.